డాన్యూబ్ జనం వద్దనుకుంటే ఓడర్–నైసె కరకట్ట ఎక్కండి

మీ ప్రశ్న ఇదీ: మ్యూనిక్‌లో ఉంటారు. నిరుడు ఆగస్టులో జర్మనీలోని పసావు నుంచి ఆస్ట్రియాలోని వియన్నా దాకా డాన్యూబ్ నది వెంట సైకిళ్ళ మీద వెళ్ళారు. దారంతా జాతరలా ఉంది, సాయంత్రానికి గదులు దొరకలేదు. ఈసారి సెప్టెంబరులో తొమ్మిది రోజులు, మీరిద్దరూ, పదకొండేళ్ళ అబ్బాయి. విమానం వద్దు, రోజుకు యాభై కిలోమీటర్లు దాటొద్దు, ఇంట్లో ఎవరూ మాంసం తినరు.

ఓడర్–నైసె దారికి వెళ్ళండి. జర్మనీకీ పోలండుకూ సరిహద్దుగా పారే రెండు నదుల వెంట, దాదాపు 630 కిలోమీటర్ల దారి ఇది. చెక్ దేశంలో నైసె పుట్టిన చోటు నుంచి బాల్టిక్ సముద్రంలోని ఊసెడోమ్ దీవి దాకా పోతుంది. జర్మనీ జాతీయ సైకిల్ దారుల్లో దీని నంబరు 12. మొత్తం తొక్కక్కర్లేదు, మీకు సరిపడే ముక్క కింద చెబుతాను.

ముందు డాన్యూబ్ ఎందుకలా ఉందో తెలిస్తే రేపు ఏ దారికి వెళ్ళినా పనికొస్తుంది. ఆ దారి పేరు మోసినది, 320 కిలోమీటర్లు, వారంలో ముగుస్తుంది. టూర్ కంపెనీలు సామాను వ్యాన్లలో పంపి, మనుషుల్ని శనివారమో ఆదివారమో పసావులో బయల్దేరదీస్తాయి. మజిలీ ఊళ్ళు కూడా అందరికీ దాదాపు అవే. అంటే మీరు శనివారం బయల్దేరితే ఆ గుంపు వారమంతా మీతోపాటే కదులుతుంది. అదే దారిలో మంగళవారం బయల్దేరి, పేరున్న మజిలీకి పది కిలోమీటర్లు ముందో వెనకో ఆగితే సగం రద్దీ తప్పుతుంది. ఇంకో మాట: సాధారణంగా మే నెలలో వచ్చే అసెన్షన్ (క్రైస్తవ పండుగ) గురువారం నాడు జర్మనీలో ఏ సైకిల్ దారికీ వెళ్ళకండి. ఆ రోజు అక్కడ ‘నాన్నల దినం’. మగవాళ్ళు గుంపులుగా చేతిబండ్లలో బీరు పెట్టుకుని సరిగ్గా ఈ దారుల మీదకే వస్తారు.

ఓడర్–నైసెలో నిశ్శబ్దానికి కారణం చరిత్రలో ఉంది. 1945 నుంచి ఇది సరిహద్దు. యుద్ధంలో వంతెనలు పేల్చేశారు, చాలావాటిని మళ్ళీ కట్టలేదు. నది దాటి పోయే రోడ్లు చాలా ఊళ్ళలో ఒడ్డు దగ్గరే ఆగిపోయాయి. ఫోర్స్ట్ ఊళ్ళో పాత వంతెన స్తంభాలు నీళ్ళలో అలాగే నిలబడి ఉన్నాయి. పెద్ద రోడ్డు లేదు కనక లారీ చప్పుడు లేదు. 1997లో ఓడర్‌కు పెద్ద వరద వచ్చాక కరకట్టలు బలపరిచారు. ఆ కట్టల మీదా పక్కనా వేసిన నున్నటి తారుదారే చాలా చోట్ల ఇప్పటి సైకిల్ దారి. గోదావరి, కృష్ణ కరకట్టల మీద తిరిగినవాళ్ళకు ఆ చూపు కొత్తేమీ కాదు: ఒకవైపు నది, లంకలు, రెల్లు, ఇంకోవైపు కట్ట కన్నా పల్లంలో ఊళ్ళు.

ఎక్కడ మొదలుపెట్టాలి, ఎటు వెళ్ళాలి

త్సిట్టావులో మొదలుపెట్టి దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్ళండి. చెక్ సరిహద్దు దగ్గరి ఆ జర్మన్ ఊరు సముద్రమట్టానికి 230 మీటర్ల పైన ఉంటుంది, అక్కణ్ణుంచి అంతా మెల్లటి పల్లమే. పైగా అక్కడ గాలి ఎక్కువగా నైరుతి, పడమర వైపుల నుంచి వస్తుంది కాబట్టి చాలా రోజులు వీపు మీదో పక్క నుంచో తగులుతుంది. నది పుట్టిన చోటు నుంచే మొదలెట్టాలనే సరదా వదులుకోండి. చెక్ భాగంలో ఎత్తుపల్లాలున్నాయి, కొంత దూరం కార్లతో కలిసి రోడ్డు మీద పోవాలి. పిల్లవాడితో అది మొదటి రోజు పని కాదు.

మొదటి రోజు రైలుకే పోతుంది. రెండో రోజు త్సిట్టావు నుంచి గ్యోర్లిట్స్, దాదాపు 40 కిలోమీటర్లు. హిర్ష్‌ఫెల్డె దాటాక లోయ ఇరుకవుతుంది. అడవి, పక్కనే నైసె, ఆ వంపులో మారియెన్‌తాల్ మఠం. 1234లో స్థాపించిన సన్యాసినుల మఠం అది, ఇప్పటికీ నడుస్తోంది. సైకిల్ తొక్కే మొదటి రోజే ఇంత అందం దొరకడం కొంచెం అన్యాయమే. అయితే త్సిట్టావుకు ఎదురుగా పోలండు ఒడ్డున తురోవ్ బొగ్గు గని, దాని విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కూడా కనిపిస్తాయి. వాటిని చూసి దారి తప్పామనుకోకండి, ఆ ప్రాంతం బతుకంతా గోధుమరంగు బొగ్గే (లిగ్నైట్). గ్యోర్లిట్స్‌కు కాస్త ముందు వచ్చే బెర్త్స్‌డోర్ఫ్ సరస్సు కూడా పాత బొగ్గు గొయ్యే, 2002 నుంచి 2013 దాకా నీళ్ళు నింపి చెరువు చేశారు. ఎండ ఉంటే అబ్బాయి ఈతకు అదే మంచి చోటు.

మూడో రోజు పొద్దున గ్యోర్లిట్స్‌లోనే ఉండండి. పాత ఊరికి యుద్ధంలో పెద్దగా దెబ్బ తగల్లేదు. 2004లో తెరిచిన కాలినడక వంతెన దాటితే పోలండులోని జ్గోజెలెత్స్. అబ్బాయికి చూపించదగ్గది ఇంకొకటుంది: మధ్య యూరప్ గడియారం లెక్కకు ఆధారమైన 15 డిగ్రీల తూర్పు రేఖ ఈ ఊరి మీదుగా పోతుంది, గుర్తుగా ఓ రాయి పాతారు. మన గడియారానికి కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖ ఎలాగో వాళ్ళకు ఇది అలాగ. మధ్యాహ్నం రోథెన్‌బుర్గ్ దాకా ముప్పై చిల్లర కిలోమీటర్లు. నాలుగో రోజు బాడ్ ముస్కావు. అక్కడ ప్రిన్స్ ప్యూక్‌లర్ వేయించిన ఉద్యానవనం నదికి రెండు వైపులా, రెండు దేశాల్లో పరుచుకుని ఉంది, 2004లో యునెస్కో జాబితాకెక్కింది. తోటలో కొన్ని బాటల మీద సైకిల్ తొక్కనివ్వరు, గేటు దగ్గరి పటం చూడండి.

ఐదో రోజు పొద్దుటి పూట తోటలో గడిపి ఫోర్స్ట్ దాకా ముప్పై. ఆరో రోజు గూబెన్, ఇంచుమించు అంతే దూరం. ఇక్కడ దారి మరీ ఏకాంతంగా ఉంటుంది, కిరాణా కొట్టు కూడా కనిపించదు. ఫోర్స్ట్‌లోనే నీళ్ళు, తిండి కొనుక్కుని బయల్దేరాలి. ఏడో రోజు రాట్స్‌డోర్ఫ్ దగ్గర నైసె వచ్చి ఓడర్‌లో కలుస్తుంది, ఆ సంగమం చూసి నోయ్‌త్సెల్లె మఠం మీదుగా ఐసెన్‌హ్యూట్టెన్‌ష్టాట్. ఇది 1950లో ఉక్కు కర్మాగారం కోసం తూర్పు జర్మనీ ప్రభుత్వం కొత్తగా కట్టిన పట్టణం. ఎనిమిదో రోజు ఓడర్ ఒడ్డు ఫ్రాంక్‌ఫుర్ట్, ముప్పై. తొమ్మిదో రోజు ఇంటికి. మొత్తం దాదాపు 240 కిలోమీటర్లు. పెద్దవాళ్ళే అయితే నాలుగైదు రోజుల పని, పిల్లవాడితో ఇలాగే బాగుంటుంది.

ఇంకో రెండు రోజులు కుదిరితే ఫ్రాంక్‌ఫుర్ట్ నుంచి రైల్లో బెర్లిన్ మీదుగా ష్వెట్ చేరండి. దిగువ ఓడర్ లోయ జాతీయ పార్కు (1995లో ఏర్పడింది) అక్కడే. సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరులో సారస జాతి కొంగలు దక్షిణానికి పోతూ వేల సంఖ్యలో ఇక్కడ దిగుతాయి. పగలంతా పొలాల్లో మేసి, పొద్దు వాలాక లోతు తక్కువ నీళ్ళలో నిలబడి నిద్రపోవడానికి గుంపులుగా వస్తాయి. కట్ట మీద నుంచే చూడండి. నీటివైపు దిగినా, లైటు కొట్టినా మొత్తం గుంపు లేచిపోతుంది, రాత్రి వాటికి మళ్ళీ చోటు వెతుక్కోవలసిన పని పడుతుంది. నవంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా మాత్రం ఆ వరద మైదానాల తూములు తెరిచి ఉంచుతారు. లోపలి బాటలు నీళ్ళలో ఉండొచ్చు కాబట్టి చలికాలంలో పటం నమ్ముకుని దిగకూడదు.

రైలు

సైకిల్ సెలవుల్లో పర్యావరణం లెక్క సగానికి పైగా అక్కడికి ఎలా చేరామన్న దానిమీదే ఉంటుంది. విమానం వద్దనుకున్నారు కాబట్టి పెద్ద పని అయిపోయింది. అయితే రైల్లో సైకిల్ పెట్టడంలోనే ఎక్కువమంది పొరబడతారు.

ఐసీఈ అనే వేగ రైళ్ళలో కొన్నిటిలోనే సైకిళ్ళకు చోటుంటుంది. చోటున్న బండ్లలోనూ ముందే రిజర్వేషన్ చేసుకోవాలి, లేకపోతే ఎక్కనివ్వరు. వెతికేటప్పుడు ‘సైకిల్ తీసుకెళ్ళాలి’ అన్న గడి టిక్కు పెట్టి, మూడు సైకిళ్ళకూ కలిపి ఒకే బండిలో చూడండి. మూడు చోట్లు ఒకేసారి దొరకడం కష్టం, టికెట్లు అమ్మకానికి పెట్టగానే తీసుకోవాలి. మ్యూనిక్ నుంచి లైప్‌త్సిగ్ దాకా ఐసీఈ, అక్కణ్ణుంచి డ్రెస్డెన్, డ్రెస్డెన్ నుంచి త్సిట్టావు ప్రాంతీయ రైళ్ళు. ప్రాంతీయ రైళ్ళలో రిజర్వేషన్ ఉండదు, ముందొచ్చినవాడిదే చోటు. అందుకే శుక్రవారం సాయంత్రం, ఆదివారం మధ్యాహ్నం ప్రయాణం పెట్టుకోకండి. డాయిష్‌లాండ్ టికెట్ (దేశమంతా చెల్లే నెలవారీ పాసు, 2023 మేలో 49 యూరోలతో మొదలై 2026 జనవరికి 63కు చేరింది) ప్రాంతీయ రైళ్ళకు చెల్లుతుంది గాని, దాంతో సైకిల్ రాదు. దానికి ఆయా ప్రాంతపు సైకిల్ టికెట్ వేరే కొనాలి. చెకింగ్‌లో ఎక్కువమంది ఇక్కడే దొరికిపోతారు.

తిరుగు టికెట్ కొనేటప్పుడు ‘ఫ్రాంక్‌ఫుర్ట్’ అని కొట్టగానే పైన వచ్చేది మైన్ నది ఒడ్డు ఫ్రాంక్‌ఫుర్ట్. మీకు కావలసింది ఓడర్ ఒడ్డుది. రెండింటికీ మధ్య జర్మనీ అంత దూరం ఉంది. అక్కణ్ణుంచి ఆర్ఈ1 బండి నేరుగా బెర్లిన్ పోతుంది.

స్టేషన్లలో లిఫ్టులు చిన్నవి, బ్యాగులతో సైకిల్ పట్టదు. బ్యాగులు ఒక్క లాగుతో ఊడేలా ఉండాలి, ఈ-బైక్ అయితే బ్యాటరీ తీసి మోయాలి. బండి మారడానికి ఇరవై నిమిషాల కన్నా తక్కువ ఇచ్చే కనెక్షన్ తీసుకోవద్దు.

పాస్‌పోర్టు

షెంగెన్‌లో (మామూలుగా సరిహద్దు తనిఖీలుండని యూరప్ దేశాల కూటమి) సరిహద్దు లేదనుకుని కార్డు ఇంట్లో పెట్టి రావద్దు. జర్మనీ 2023 అక్టోబరు నుంచీ, పోలండు 2025 జూలై నుంచీ ఈ సరిహద్దులో తాత్కాలిక తనిఖీలు పెట్టాయి. వంతెన దాటి పియెరోగీలు (లోపల కూర పెట్టి ఉడికించే పిండివంట) తిని రావడానికైనా మీ ముగ్గురివీ భారతీయ పాస్‌పోర్టులు, నివాస అనుమతి కార్డులు అసలువే దగ్గరుండాలి. ఫోన్లో ఫొటో పనికిరాదు. పిల్లవాడి కార్డు గడువు కూడా చూసుకోండి, పెద్దవాళ్ళది చూసుకుని అది మర్చిపోవడం మామూలే.

సైకిలు, సామాను

టైరు 37 నుంచి 42 మిల్లీమీటర్ల వెడల్పు చాలు. దారి ఎక్కువ భాగం తారు, కొన్నిచోట్ల పాత కాంక్రీటు పలకలు, ఊళ్ళలోకి దిగగానే గుండ్రాళ్ళు పరిచిన వీధులు. రోడ్ సైకిల్ సన్నటి టైరు ఆ రాళ్ళ మీద రిమ్ముకు నొక్కుకుని ట్యూబుకు పాము కాటులా రెండు కన్నాలు పడతాయి. సామానుతో వెనక టైరులో గాలి 4 బార్ దగ్గర, ముందు దాంట్లో కొంచెం తక్కువ.

సామాను పెద్దవాళ్ళిద్దరికీ తలా 10–12 కిలోలు మించకుండా, రెండు వైపులా సమానంగా. అబ్బాయి సైకిల్ మీద వాడి వానకోటు, నీళ్ళ సీసా తప్ప ఏమీ వద్దు. బరువు వేస్తే మొదటి రోజు హుషారుగా మోస్తాడు, మూడో రోజు ఇంటికెళ్దామంటాడు. బ్యాగు తగిలించాక ఒకసారి తొక్కి మడమ తగులుతోందేమో చూడండి, తగిలితే వెనక్కి జరపండి.

దారిలో చెడేది ఎక్కువసార్లు ట్యూబు కాదు, క్యారియర్ బోల్టు. గుండ్రాళ్ళ మీద అదిరి అదిరి వదులవుతుంది. ఒకటి పడిపోతే బరువంతా రెండో దాని మీద పడి అదీ విరుగుతుంది. బయల్దేరే ముందు బోల్టులకు లాక్‌టైట్ లాంటి జిగురు చుక్క వేసి బిగించండి, రెండో రోజు సాయంత్రం మళ్ళీ బిగించి చూడండి. ఎం5 బోల్టులు రెండు అదనంగా ఉంచుకోండి. మిగతా సంచి: ప్రతి టైరు సైజుకూ ఒక ట్యూబు (అబ్బాయిది 24 అంగుళాలైతే పల్లెలో దొరకదు), టైరు లీవర్లు, అతుకుల పెట్టె, అలెన్ కీలు, గొలుసు లింకు ఒకటి, ప్లాస్టిక్ జిప్ టైలు, చిన్న సీసాలో గొలుసు నూనె. జర్మన్ సైకిళ్ళలో వాల్వులు మూడు రకాలు, మీ పంపు ముగ్గురి చక్రాలకూ పడుతుందో లేదో ఇంట్లోనే చూడాలి. వాన పడ్డ సాయంత్రం గొలుసు తుడిచి నూనె వెయ్యండి, పొద్దున్నకి తుప్పు పట్టే వాతావరణం అది.

దారికి అడ్డంగా కంచె గేట్లు రావచ్చు. పోలండు వైపు నుంచి అడవిపందుల ద్వారా ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ (పందుల రోగం) రాకుండా 2020 నుంచి వేసిన కంచె అది. గేటు తీసి వెళ్ళాక మళ్ళీ మూసెయ్యండి, తెరిచి వదిలేస్తే కంచె వేసినా వెయ్యకపోయినా ఒకటే.

గడ్డిలో పిడుదులుంటాయి. వాటి ద్వారా మెదడు వాపు సోకే ప్రాంతాల్లో తూర్పు సాక్సనీ ఒకటి. టీకా ఉంది, కానీ మూడు డోసులు, వారాల, నెలల తేడాతో వేస్తారు కాబట్టి ఆగస్టు చివర్లో గుర్తొస్తే లాభం లేదు, ఇప్పుడే డాక్టర్ని అడగండి. రోజూ స్నానమప్పుడు మోకాళ్ళ వెనక, చంకల్లో, అబ్బాయికి చెవుల వెనక, జుట్టు అంచున చూడండి. కనబడితే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగాలి. నూనె పూయడం, కాల్చడం చెయ్యకూడదు. ఓడర్‌లో మాత్రం ఈత వద్దు. 2022 ఆగస్టులో ఉప్పెక్కిన నీళ్ళలో విషపు నాచు పెరిగి వందల టన్నుల చేపలు చచ్చిపోయిన నది అది. వేసవిలో ఆ నాచు మళ్ళీ వస్తుందేమోనన్న భయం పోలేదు.

గదులు, తిండి

జర్మన్ సైకిల్ సంఘం ఏడీఎఫ్‌సీ గుర్తింపు ‘బెట్ ప్లస్ బైక్’ బోర్డున్న వసతి వెతకండి. వాళ్ళు ఒక్క రాత్రికైనా గది ఇవ్వాలి, సైకిళ్ళు తాళం వేసే చోట పెట్టుకోనివ్వాలి, తడి బట్టలు ఆరేసుకునే వీలుండాలి. సెప్టెంబరుకు ఆరేడు వారాల ముందు చాలు, ఒక్క నోయ్‌త్సెల్లె వైపు చిన్న ఊళ్ళకు మాత్రం ఇంకా ముందే. జనం తక్కువైన చోట మంచాలూ తక్కువే. నిశ్శబ్దమైన దారిలో గది ముందే ఖాయం చేసుకోకుండా వెళ్ళడం డాన్యూబ్ మీద కన్నా ప్రమాదం, ఎందుకంటే పక్క ఊరు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది.

పల్లె భోజనశాలలు సోమ, మంగళవారాలు మూసేస్తాయి, వంటగది రాత్రి ఎనిమిదికే ఆగిపోతుంది. ఆదివారం కిరాణా కొట్లు తెరవరు. అందుకని శనివారం సాయంత్రమే రెండు పూటలకు కొనుక్కోండి. యూరో నోట్లు ఉంచుకోండి, కార్డు అన్నిచోట్లా నడవదు.

మాంసం లేని వంట ఈ దారి పోయే లౌజిట్స్ ప్రాంతంలో దొరుకుతుంది: ఉడికించిన బంగాళాదుంపలు, గట్టి పెరుగులాంటి క్వార్క్, పైన అవిసె నూనె. అది అక్కడి ఇంటి వంట. సూపులు కూరగాయలవైనా మాంసం రసంతో కాస్తారు, అడగకుండా తాగొద్దు. పోలండు వైపు పియెరోగీ రుస్కీలో బంగాళాదుంప, జున్నే ఉంటాయి గాని పైన వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లుతారు. ‘బెజ్ స్క్వారెక్’ అంటే అవి వద్దని. ఒక చిన్న కెటిల్, అటుకులు, వేయించిన ఉప్మా రవ్వ, కారప్పొడి ఒక సంచిలో వేసుకుంటే మంగళవారం గండం గట్టెక్కుతుంది.

సెలవు నాలుగు రోజులే దొరికితే

అప్పుడు వెన్‌బాన్. లక్సెంబర్గ్‌లోని ట్రువాఫీయెర్జ్ నుంచి బెల్జియం మీదుగా జర్మనీలోని ఆఖెన్ దాకా, 125 కిలోమీటర్లు, పాత రైలు కట్ట మీద తారుదారి. రైలు కట్ట కనక నిటారు ఎక్కుళ్ళు దాదాపు లేవు, వాలు చాలావరకు రెండు శాతం లోపే. ఎక్కువమంది ఆఖెన్‌లో మొదలుపెట్టి దాదాపు నాలుగు వందల మీటర్లు ఎక్కుతారు. మీరు తిరగేసి వెళ్ళండి. లక్సెంబర్గ్‌లో 2020 నుంచి రెండో తరగతి రైళ్ళు అందరికీ ఉచితం, సైకిల్‌కు కూడా టికెట్ లేదు. మధ్యలో బెల్జియం భాగంలో చాలా ఊళ్ళలో జర్మన్ మాట్లాడతారు, మీకు ఇబ్బంది ఉండదు. ఒక్కటే హెచ్చరిక: బెల్జియంలో బంగాళాదుంప వేపుళ్ళు చాలా కొట్లలో ఎద్దు కొవ్వులో వేయిస్తారు. చూడ్డానికి శాకాహారమే, అడిగి తినండి.

ఫిబ్రవరి, మార్చిలో వెళ్ళాలంటే ఈ రెండూ వద్దు, స్పెయిన్ ‘వియా వెర్దే’లు (పాత రైలు మార్గాల మీద వేసిన సైకిల్ బాటలు) చూడండి. అండలూసియాలో ఒల్వేరా నుంచి ప్వెర్తో సెర్రానో దాకా 36 కిలోమీటర్లు, ముప్పై సొరంగాలు, ఒక్క రైలు కూడా నడవని రైలు మార్గం. ముందు లైటు తప్పనిసరి, జఫ్రమగోన్ కొండ దగ్గర రాబందులు. అయితే మ్యూనిక్ నుంచి సొంత సైకిల్‌తో రైలు మీద అక్కడికి చేరడం రెండు మూడు రోజుల తంటా. అద్దె సైకిల్‌కైతేనే వెళ్ళండి.

మీ ప్రయాణానికి ముందుగా ఖాయం చేయాల్సింది లైప్‌త్సిగ్ ఐసీఈలో మూడు సైకిల్ చోట్లు. అవి దొరికిన తేదీని బట్టి గదులు చూసుకోండి. గదులు ముందు తీసుకుని రైలు తర్వాత చూస్తే రెండుసార్లు చేయాల్సి వస్తుంది.